గొలుసుకట్టు చెరువుల్లో గుర్రపు డెక్క: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి

ఈ డైరీలో నమోదయ్యే పని నల్లగొండ జిల్లా చిట్యాల వైపు, మూసీ కాల్వ నీళ్లు అందే మూడు గొలుసుకట్టు చెరువులది. పై చెరువు నిండితే అలుగు పోసి నడిమి చెరువులోకి, అది నిండితే కింది చెరువులోకి నీళ్లు దిగుతాయి. మా కళాశాల వృక్షశాస్త్ర విభాగం విద్యార్థులు, నడిమి చెరువు మీద బతికే మత్స్యకారుల సహకార సంఘం సభ్యులు, ఆయకట్టు రైతులు కొందరు కలిసి దీన్ని చేపట్టాము. నడిమి చెరువు నీటి మీద ఎండ పడేలా చేయడం, రెండు వానాకాలాల పాటు దాన్ని అలాగే నిలబెట్టడం మా లక్ష్యం. ఆ నీటిని కప్పేసిన గుర్రపు డెక్కను తీసేయడం ఇంతకు ముందు కూడా జరిగింది. నిలబెట్టడం మాత్రం ఎన్నడూ జరగలేదు.

మొక్క స్వభావం ముందుగా రాసి పెట్టుకుంటున్నాను, పని పద్ధతంతా దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి. గుర్రపు డెక్క దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతపు మొక్క. ఊదారంగు పువ్వుల అందానికి మురిసి పెంచుకున్నవాళ్ల ద్వారా పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌కు వచ్చి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. పుట్టిన నేలలో దాన్ని తినే పురుగులున్నాయి, ఇక్కడికి అవి దానితో పాటు రాలేదు. పెరగడానికి విత్తనంతో కూడా పని లేదు. దుబ్బు పక్కనుంచి పిలక తీగ సాగి, దాని కొసన కొత్త దుబ్బు లేస్తుంది. రెండు వారాలకొకసారి సంఖ్య రెట్టింపవుతుందనుకుంటే, ఒక మూలన వదిలేసిన పది దుబ్బులు ఎనిమిది నెలల్లో, కాగితం మీదనైనా, ఆరున్నర లక్షలు అవుతాయి. విద్యార్థులు మొదట నమ్మలేదు గాని, నల్లబల్ల మీద పదహారు సార్లు రెట్టింపు చేసి చూసుకున్నాక ఊరుకున్నారు.

ఈ వేగం అన్ని చెరువుల్లోనూ ఉండదు. వాన నీళ్లు మాత్రమే చేరే చెరువులో డెక్క ఉన్నా మెల్లగా, ఆకులు పాలిపోయి పెరుగుతుంది. మాది మూసీ నీళ్ల చెరువు. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడుమ నుంచి మురుగు మోసుకుంటూ వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నది, దారిలో కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) ద్వారా మన కాల్వల్లోకి నత్రజనిని, భాస్వరాన్ని ధారాళంగా పంపుతుంది. పొలానికి యూరియా తగ్గించినా పైరు ఏపుగా వస్తోందని ఆయకట్టు రైతులు అంటున్నారు. అదే బలం డెక్కకూ అందుతోంది.

విస్తీర్ణం కోసం ఉపగ్రహ చిత్రం మీద గళ్లు గీసుకున్నాము. బరువు కోసం మీటరు పొడవు, మీటరు వెడల్పుతో పీవీసీ పైపు చట్రం ఒకటి చేసి, దాన్ని తెప్ప (నీటి మీద మందంగా అల్లుకున్న డెక్క పొర) మీద వేసి, లోపల పడ్డ మొక్కలన్నింటినీ వేళ్లతో సహా లాగి, నీరు కారిపోయాక వేలాడే కాటాకు తగిలించి తూచాము. కట్ట దగ్గరి గడుల్లో బరువు ఎక్కువగా ఉంది. ఇక్కడ గమనించిన ఒక తేడా ముందు ముందు పనికొస్తుంది. తెప్ప నడుమ ఉన్న మొక్కలు వెలుతురు కోసం పోటీపడి నడుము ఎత్తు దాకా సాగి ఉంటాయి, వాటి కాడలకు ఉబ్బు ఉండదు. అంచున ఉన్నవి పొట్టిగా, కాడ అడుగున గాలి నిండిన ఉబ్బుతో ఉంటాయి. గాలికి తేలి కొత్త చోటికి పోయేవి ఈ అంచు మొక్కలే.

తెప్ప కింద నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే మీటరు ముంచితే అంకె దాదాపు సున్నా దగ్గర ఆగింది. బొచ్చ, రవ్వ వంటి చేపలు బాగా పెరగాలంటే లీటరుకు ఐదు మిల్లీగ్రాములైనా ఉండాలి. నోటితో నేరుగా గాలి పీల్చుకోగల కొరమట్టలు, మార్పు చేపలు మాత్రం ఆ చీకట్లోనూ బతుకుతున్నాయి. సంఘానికి రాబడి ఎందుకు పడిపోయిందన్న ప్రశ్నకు ఇంతకంటే పెద్ద సర్వే అక్కర్లేదనిపించింది.

ఫిబ్రవరి

సంఘంతో కూర్చున్నాము. వయసులో పెద్దాయన ఒకరు మొదటే తేల్చి చెప్పారు: "సారూ, ఇది తీస్తే పొయ్యేది గాదు. మిషన్ కాకతీయల పూడిక తీసినప్పుడు మొత్తం పోయె. మళ్ల వానకు కాల్వ వొచ్చింది, కాల్వెంబడి డెక్క వొచ్చింది." "మరి పై చెరువులో తీశారా, కాకా?" అని అడిగితే, "అది మాది గాదు గద సారూ" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది, కట్టలు బలపరిచింది, తూములు బాగు చేసింది. కాని చెరువు చెరువుకూ అంచనా వేరు, పని వేరు. నీళ్లు ఒక చెరువు నుంచి మరో చెరువుకు వృథా కాకుండా దిగాలని పూర్వులు వేసిన గొలుసు దారినే డెక్క కూడా వాడుకుంటుంది. నడిమి చెరువును అద్దంలా చేసినా, పై చెరువు మొదటిసారి అలుగు దుంకిన రోజున పని మళ్లీ మొదటికి వస్తుంది. అందువల్ల పని పై చెరువులోనే మొదలుపెట్టాలని తీర్మానించుకున్నాము. అక్కడి సంఘాన్ని ఒప్పించడానికి నెలంతా పట్టింది. వాళ్ల చెరువును మా కూలీలతో శుభ్రం చేస్తామంటే ముందు అనుమానించారు, తర్వాత చాయ్ పోశారు.

మందు కొట్టే ప్రస్తావన ప్రతి సమావేశంలోనూ వచ్చింది. గ్లైఫోసేట్ కొడితే వారాల్లో మాడిపోతుందన్నది నిజమే. కాని మాడిన తెప్ప ఎక్కడికీ పోదు. మునిగి, కుళ్లి, కుళ్లేటప్పుడు నీటిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేసి మిగిలిన చేపలను చంపుతుంది. దాని ఒంట్లోని భాస్వరం మళ్లీ నీటిలోకే చేరి తర్వాతి పంటకు ఎరువవుతుంది. పైగా ఆ నీళ్లే తూము గుండా వరి పొలాలకు పారాలి. గ్లైఫోసేట్ వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసిన సంగతి కూడా గుర్తు చేశాను. ఆ ప్రస్తావన ఆగిపోయిందని చెప్పలేను గాని తగ్గింది.

మార్చి, ఏప్రిల్

పని చేయడానికి ఇవే సరైన నెలలు. యాసంగి వరికి తూము తీసి ఉండటంతో నీళ్లు రోజురోజుకూ శిఖం (చెరువు లోపలి ముంపు నేల) నుంచి వెనక్కి తగ్గుతాయి. డెక్క తనంత తానే ఇరుకు జాగాలోకి జరుగుతుంది, అంచున చిక్కుకున్నది బురద మీద కూర్చుని ఎండుతుంది. చెరువు నిండా నీళ్లున్నప్పుడు పదింతలు అయ్యే ఖర్చు ఇప్పుడు తగ్గుతుంది. అయితే ఎండినదంతా పోయినట్టు కాదు. ఆ విషయం ఆగస్టు పుటల్లో వస్తుంది.

పై చెరువులో వాడిన పద్ధతి ఇది. తెప్ప మందంగా అల్లుకుని ఉన్నందున మనుషులు లాగితే కదలదు. ముందు దాన్ని పట్టీలుగా కోయాలి. ఇద్దరు రెండు ట్యూబుల మీద అటూ ఇటూ నిలబడి, ముడులు వేసిన నైలాన్ తాడును తెప్ప కింద నుంచి ముందుకూ వెనక్కూ రంపం ఆడించినట్టు ఆడిస్తే వేళ్లు, పిలక తీగలు తెగి పట్టీ విడిపోతుంది. విడిపోయిన పట్టీ చుట్టూ పాత వల ఒకటి తిప్పి, కట్ట మీద నుంచి ట్రాక్టరుతో మెల్లగా ఒడ్డుకు లాగాలి. ఒడ్డున పొడవు చెయ్యి ఉన్న హిటాచీ ఎత్తి పోస్తుంది. దాని తొట్టి నుంచి నీరు కారిపోదు, కాబట్టి తొట్టికి రంధ్రాలు కొట్టించాము. ఈ మొక్కలో తొంభై ఐదు శాతం వరకు నీరే కనుక ట్రాలీలో నీళ్లు మోయడం శుద్ధ దండగ. ఒడ్డునే కుప్పలుగా వదిలి, కొన్నాళ్లు ఎండనిచ్చి, తర్వాత తీసుకెళ్తే ట్రిప్పులు బాగా తగ్గాయి.

యంత్రం చేయలేని పని మనుషులు చేశారు. ఒడ్డు పొడవునా పెరిగిన లొట్టపీసు పొదల కింద డెక్క దుబ్బులు ఎండ తగలకుండా దాక్కుని ఉంటాయి. లొట్టపీసు కూడా అమెరికా ఖండపు మొక్కే. కంచెకు పనికొస్తుందని నాటితే చెరువు అంచులన్నీ ఆక్రమించింది. మేకలు దాన్ని తినడం అలవాటు చేసుకుంటే నరాలు దెబ్బతిని తూలిపడతాయని కాపరులకు బాగా తెలుసు. నరికిన కొమ్మ బురదలో పడితే చాలు, మళ్లీ వేరు పట్టుకుంటుంది. అందుకని దాన్ని వేళ్లతో పెకిలించి కట్ట అవతల గట్టి నేల మీద ఎండేశాము. ఈ పనిలో ఊరి ఆడవాళ్ల ఓపిక ముందు మా విద్యార్థులు నిలవలేకపోయారు.

తీసిన డెక్కను ఏం చేయాలన్న దానిపై ఒక నిర్ణయం రాసి పెడుతున్నాను. పేడ, మట్టి పొరలుగా వేసి కుప్ప పెడితే కొన్ని నెలల్లో మంచి ఎరువవుతుంది. కాని గుర్రపు డెక్క నీటిలోని సీసం, కాడ్మియం, క్రోమియం వంటి భార లోహాలను వేళ్లలోకి పీల్చి దాచుకునే మొక్క. పరిశ్రమల వ్యర్థాలు కలిసే మూసీ నీటిలో పెరిగిన డెక్క ఎరువును ఆకుకూరల మడుల్లో వేయనివ్వలేదు. కట్ట వాలు మీద నాటిన ఈత, కానుగ మొక్కలకు మాత్రమే వాడుతున్నాము. పశువుల మేతకూ వద్దన్నాము.

ఏప్రిల్ చివరికి పై చెరువు, దాని వెనుకే నడిమి చెరువు తేటపడ్డాయి. ట్రాక్టరు ట్రాలీలను, తాళ్లను, వలలను ఒక చెరువు నుంచి మరో చెరువుకు తీసుకుపోయే ముందు కడిగి ఎండబెట్టాలన్న నియమం మొదట్లో అందరికీ చాదస్తంగా తోచింది. చక్రాల మట్టిలో విత్తనాలు, వల కళ్లలో పిలకలు ప్రయాణం చేస్తాయి.

మే

నీళ్లు అడుగంటాక కట్ట లోపలి వాలు బయటపడింది. నడిమి చెరువు తూముకు కుడి పక్కన, రాతి కట్టుబడి లేచిపోయిన చోట, పిడికిలి పట్టే బొరియలు వరుసగా కనిపించాయి. ఎండ్రకాయలవి అనుకున్నారు రైతులు. సంఘం యువకుడొకరు వాటిలో ఒకదానిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపల తడి మట్టిలో కదులుతున్న దాన్ని పట్టి బయటికి లాగాడు. ఒంటినిండా ఎముక పలకలు, రెక్కల మొదట ముళ్లు, కింది వైపు గుండ్రటి నోరు: సక్కర్ చేప. పట్టుకున్నవాడి చేతి మీద గీతలు పడ్డాయి. సాయంత్రం దాకా గంపలో పడేసి ఉంచినా అది చావలేదు. కడుపు గోడ ద్వారా గాలి పీల్చుకోగలదు గనుక నీళ్లు లేకుండా గంటల తరబడి తట్టుకుంటుంది.

ఇదీ దక్షిణ అమెరికా నదుల చేపే. అక్వేరియం గాజుకు పట్టిన నాచు గీకి తింటుందని అమ్ముతారు. వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది. మూరెడు పెరిగి తొట్టిలో పట్టనప్పుడు చంపడానికి మనసొప్పక దగ్గరి చెరువులో వదులుతారు. ఆ దయకు మూల్యం చెల్లిస్తున్నది మట్టి కట్ట. మగ చేప ఒడ్డు వాలులో లోతుగా బొరియ తవ్వి, ఆడ చేప పెట్టిన గుడ్లను అందులో కాపలా కాస్తుంది. నీళ్లు నిండినప్పుడు అవి కనబడవు. వందేళ్ల నాటి మట్టి కట్టకు లోపలి వైపు నుంచి బొరియలు పడటం డెక్క కంటే తీవ్రమైన సంగతి అని నా అభిప్రాయం. డెక్క రాబడిని తింటుంది, ఇవి కట్టనే తొలుస్తాయి. బొరియలను చివరి దాకా తవ్వి, మట్టిని పొరలుగా పోసి తడిపి, దిమ్మిసతో కొట్టించి, పైన రాయి పరిపించాము. నీటిపారుదల ఇంజినీర్లు వచ్చి చూసి, రాతి కట్టుబడి లేచిన మిగతా చోట్లనూ ఈ ఎండల్లోనే సరిచేయాలని సూచించారు.

వలలో పడ్డ సక్కర్ చేపను ఎవరూ కొనరు కాబట్టి చికాకుతో తిరిగి నీళ్లలోకే విసరడం ఇక్కడ అలవాటు. వలను చించి, వేళ్లను కోసి, మళ్లీ నీళ్లలోకే పోతోందన్నమాట. ఇకపై ఒడ్డుకు తెచ్చి గుంటలో పూడ్చాలని సంఘం తీర్మానం పుస్తకంలో రాయించాము.

జూన్

వానలు పడకముందే పురుగుల పని మొదలుపెట్టాలనుకున్నాము. అమెజాన్‌లో గుర్రపు డెక్కను అదుపులో ఉంచేవాటిలో రెండు రకాల ముక్కు పురుగులు ముఖ్యమైనవి: నియోచెటీనా ఐకోర్నియే, నియోచెటీనా బ్రూకై. ఇతర మొక్కల మీద బతకవని పరీక్షల్లో తేలాక, ఫ్లోరిడా నుంచి తెప్పించిన ఈ పురుగులను 1983-84లో బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో వదిలారు. రెండు నుంచి నాలుగేళ్లలో అక్కడి తెప్పలు విరిగిపోయాయి. ఆ తర్వాత అనేక రాష్ట్రాలకు వాటిని పంపారు. కేరళ జలమార్గాలను కప్పేసిన సాల్వీనియా అనే మరో నీటి మొక్కను కూడా ఇలాగే వేరొక ముక్కు పురుగు తగ్గించింది.

మేము ఎక్కడి నుంచో తెప్పించనక్కర్లేకపోయింది. కాల్వ మలుపుల్లో చిక్కుకున్న డెక్క ఆకులను వెలుతురుకు పెట్టి చూస్తే, పచ్చని పై పొర గీకేసిన చిన్న చిన్న చదరపు మచ్చలు కనిపించాయి. పగలు ఎంత వెతికినా పురుగు దొరకలేదు. రాత్రి టార్చి లైటుతో వెళ్లి, ఇంకా విచ్చుకోని లేత ఆకు చుట్టను విప్పితే లోపల గోధుమ రంగులో, బియ్యపు గింజంత పురుగు కాళ్లు ముడుచుకుని కదలకుండా పడి ఉంది. వేలు తగిలితే చచ్చినట్టు నటిస్తుంది. రెక్కల మీద అడ్డంగా లేత రంగు పట్టీ ఉన్నది బ్రూకై, పొడవాటి రెండు నల్ల గీతలున్నది ఐకోర్నియే. మచ్చలు చేసేది పెద్ద పురుగు, కాని మొక్కకు నిజమైన దెబ్బ కొట్టేది దాని పిల్ల పురుగు. కాడ లోపల సొరంగం తొలుచుకుంటూ దుబ్బు మొదలు దాకా దిగుతుంది. సొరంగంలోకి నీరు చేరి, కాడ కుళ్లి, మొక్క తేలే శక్తి కోల్పోతుంది. తర్వాత అది నీటి అడుగున వేరు నూలుతో గూడు కట్టుకుంటుంది. ఒక తరానికి మూడు నెలలకు అటూ ఇటూగా పడుతుంది.

ఈ లెక్కలోనే దాని బలహీనత కూడా ఉంది. మొక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంటే, పురుగు తరం మూడు నెలలు. మూసీ వంటి పోషకాల నీటిలో ఆకు తినే వేగం కంటే ఆకు వేసే వేగం ఎక్కువ. పైగా మన చెరువులు ఎండాకాలంలో ఎండుతాయి. డెక్క ఎండితే గూళ్లలోని పురుగులూ పోతాయి. బెంగళూరు కథను ఇక్కడ ఉన్నదున్నట్టు ఆశించకూడదు.

చెరువు మూలలో వెదురు కంచె కట్టి కొంత డెక్కను పురుగుల కోసం ఉంచుదామని ఒక విద్యార్థి ప్రతిపాదించింది. శాస్త్రం ప్రకారం అది సరైనదే. సంఘం పెద్దాయన మాత్రం నవ్వి, "దొంగను ఇంట్ల వెట్టి తాళం బయటేసినట్టుంటది బిడ్డా" అన్నారు. ఆయన మాటే నెగ్గింది. కళాశాల ఆవరణలో సిమెంటు తొట్లు పెట్టి, అందులో డెక్కను, పురుగులను పెంచుతున్నాము. సంఖ్య పెరిగాక వాటిని మూడు చెరువుల్లో కాకుండా, మనుషులు యంత్రాలు చేరలేని కాల్వ మడుగుల్లో వదులుతాము. డెక్క మా చెరువులకు వచ్చేది అక్కడి నుంచే.

జూలై

కట్టుకాల్వ చెరువులోకి దిగే చోట అడ్డు కట్టడం ఈ నెల పని. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములను మూతలు బిగించి వరుసగా తాడుకు కట్టి, కింద మూరన్నర లోతు వేలాడేలా నైలాన్ వల కుట్టి, వల అడుగున బరువుకు ఇనుప గొలుసు వేశాము. దీన్ని కాల్వకు అడ్డంగా నిట్టనిలువుగా కట్టకూడదు. వరదకు వచ్చిన తెప్పంతా నడుమ పోగుపడి, బరువుకు తాడు తెగుతుంది. ఏటవాలుగా కడితే ప్రవాహమే డెక్కను ఒక ఒడ్డుకు నెడుతుంది. ఆ ఒడ్డున మెట్లు, ఎత్తి పోయడానికి చదును చేసిన జాగా ఉంటే ఇద్దరు మనుషులు పంజా కర్రలతో రోజువారీగా తీయగలరు. ఒక కొసను రాతి స్తంభానికి శాశ్వతంగా బిగించాము. రెండో కొసకు మాత్రం లాగితే ఊడే ముడి వేశాము. పెద్ద వరద వచ్చినప్పుడు ముడి విప్పితే అడ్డు మొత్తం ఒడ్డుకు వాలుతుంది, డ్రమ్ములు మిగులుతాయి.

పై చెరువు అలుగు కింద కూడా ఇటువంటిదే చిన్నది కట్టాము. నైరుతి గాలులకు డెక్క ఎటు కొట్టుకొస్తుందో కూడా ఇప్పుడు తెలిసింది. మన నేల వాలు తూర్పుకు కనుక కట్టలు చాలావరకు తూర్పున ఉంటాయి. గాలి పడమర నుంచి వీస్తుంది. కాబట్టి తప్పిపోయి లోపలికి వచ్చిన ప్రతి దుబ్బూ రెండు మూడు రోజుల్లో కట్ట దగ్గరికి, తూము నోటికి చేరుతుంది. కాపలా కాసేవాడు చెరువంతా తిరగక్కర్లేదు. తెల్లవారి కట్ట మీద ఒక నడక చాలు.

ఆగస్టు

నీళ్లు శిఖంలోకి ఎక్కుతున్న చోట, వేసవిలో డెక్క ఎండి నల్లటి చాపగా మిగిలిన బురద మీద, వరి నారుమడిలా పచ్చగా మొలకలు లేచాయి. రైతులు గడ్డి అనుకున్నారు. వంగి చూస్తే సన్నని పట్టీ ఆకులు, కాడ లేదు, ఉబ్బు లేదు. వేలితో బురద కదిపితే వేరు ఇంకా నేలలోనే ఉంది. ఇవి గుర్రపు డెక్క విత్తన మొలకలు. పూత అయిపోగానే పూకాడ వంగి కాయను నీళ్లలోకి దించుతుంది. విత్తనాలు అడుగు బురదలోకి జారి పదిహేను, ఇరవై ఏళ్ల దాకా మొలకెత్తే శక్తితో ఉండగలవు. చెరువు ఎండి, బురదకు ఎండ తగిలి, మళ్లీ తడి తగలడమే వాటికి కావలసింది. మన చెరువులు ఏటా చేసేది సరిగ్గా అదే.

మొలక నేలను పట్టుకుని ఉండే రోజులు కొద్దివే. ఆకుల కాడలు ఉబ్బి, నీటిమట్టం పెరిగి, వేరు ఊడి తేలిందంటే మళ్లీ తెప్పకు నాంది. నీళ్లు ఇంకో జానెడు ఎక్కేలోపు ఆ పట్టీ మొత్తం మీద గుంటక తోలించాము. ఎద్దులు దిగలేని చోట చేత్తో పీకించాము. ఈ ఒక్క వారం పని ఏప్రిల్‌లో హిటాచీ చేసిన పనికి తీసిపోదని నా అంచనా. వచ్చే ఏళ్లలో డబ్బు తక్కువైతే దేన్నయినా మానుకోవచ్చు, దీన్ని మాత్రం మానకూడదు.

దోమల గురించి ఊళ్లో ఫిర్యాదులు వచ్చాయి, చెరువులో గంబూసియా చేపలు వదలమని కొందరు అడిగారు. దోమ పిల్లలను తింటుందని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన చేప అది. ఇతర చేపల గుడ్లను, పిల్లలను కూడా వదలదు. ఒక పరదేశి ప్రాణి తెచ్చిన చిక్కుకు మరొక దాన్ని మందుగా వేయవద్దని చెప్పి, పరకల వంటి మన చిన్న చేపలు తిరిగి వస్తే ఆ పని అవే చేస్తాయని నచ్చజెప్పాము. మాన్సోనియా జాతి దోమ పిల్లలు నీటి మొక్కల వేళ్లకు అతుక్కుని ఊపిరి తీసుకుంటాయి కాబట్టి డెక్క తీయడమే వాటి విషయంలో సగం వైద్యం.

సెప్టెంబరు

నడిమి చెరువు అలుగు పోసింది. అడ్డు ఒకసారి ముడి విప్పి వాల్చవలసి వచ్చింది, మళ్లీ కట్టాము. లోపలికి దాటివచ్చిన డెక్కను కట్ట దగ్గర ఏరివేశారు. రాయడానికి ఇంతకంటే లేదు.

అక్టోబరు

చేప పిల్లలు వదిలే కాలం. 2016-17 నుంచి రాష్ట్రంలో ప్రభుత్వమే చేప పిల్లలను ఉచితంగా సరఫరా చేస్తున్నది. బొచ్చ, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ. నాలుగోది కూడా బయటి నుంచి తెచ్చిన చేపే. బ్యాంకాక్ రకాన్ని 1957లో తెచ్చారు. పరదేశి అయినంత మాత్రాన ప్రతిదీ శత్రువు కాదన్న సంగతి విద్యార్థులకు చెప్పడానికి దీన్నే చూపించాను, అయితే అడుగు బురదను కెలికి నీటిని మడ్డి చేసే దాని అలవాటునూ చెప్పాను.

పిల్లలను సంచుల నుంచి నేరుగా చెరువులో కుమ్మరించకుండా, ముందు ఒడ్డున కట్టిన దోమతెర హాపాలో వదిలి, చేతి వలతో తీస్తూ వేరు చేశాము. ఇతర చేపల పిల్లలు కొన్ని కలిసి వచ్చాయి, వాటిలో జిలేబి (తిలాపియా) చేప పిల్లలున్నాయి. 1952లో మన దేశానికి వచ్చిన ఈ చేప గుడ్లను, పిల్లలను నోట్లో దాచుకుని కాపాడుతుంది. రెండు మూడు నెలల వయసుకే గుడ్లకు వచ్చి, ఏడాదిలో పలుసార్లు పెడుతుంది. చెరువు నిండా అరచేయంత జిలేబిలే మిగిలి, బొచ్చకు అందవలసిన మేత వాటికి పోతుంది. చెరువులో అవి ఇప్పటికే ఉన్నాయి కాబట్టి హాపాలో ఏరినంత మాత్రాన పోవు. సన్న కళ్ల వలతో ఒడ్డు వెంట పట్టి చవకగానైనా అమ్మాలని, వీలైనంత త్వరగా కొరమట్ట పిల్లలను కూడా వదలాలని సంఘం నిర్ణయించింది. జిలేబి పిల్లలను తిని అదుపులో ఉంచగల వేటచేప అది, ధరా దానికే ఎక్కువ, రాష్ట్ర చేప అన్న గౌరవమూ ఉంది. డెక్క తీశాక నీరు తేటపడితే కొరమట్టకు వేట సులువవుతుంది.

కొరమట్ట దొరక్కపోతే ఆఫ్రికా మార్పు చేపలు తెస్తామని ఒక వ్యాపారి వచ్చాడు. వాటి పెంపకంపై 2000 నుంచి దేశంలో నిషేధం ఉంది. కంటికి కనిపించిన చిన్న చేపనల్లా మింగే అవి ఒకసారి చెరువులో దిగితే, వరదకు గొలుసు కింద చెరువులన్నింటికీ దిగుతాయి. కట్ట మీది నుంచే పంపేశారు.

నవంబరు

మీటరు పెట్టి చూశాము. జనవరిలో సున్నా దగ్గర ఆగిన చోట, పొద్దెక్కాక, చేపకు సరిపడా ఆక్సిజన్ ఉంది. తెల్లవారుజామున మాత్రం ఇంకా తక్కువే. పోషకాలు ఎక్కువై నీరు పచ్చబారింది, సన్నటి నాచు రాత్రిపూట ఆక్సిజన్‌ను తాగేస్తున్నది. మూసీ నీళ్లలో మురుగు తగ్గనంత కాలం నీటి మీద ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది. అది మా మూడు చెరువుల స్థాయిలో తేలే విషయం కాదు, హైదరాబాద్ మురుగు శుద్ధి కేంద్రాల దగ్గర తేలవలసినది.

పై చెరువు, నడిమి చెరువు సంఘాలు కలిసి అడ్డుల దగ్గర కాపలాకు ఒక మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకున్నాయి. జీతం చేపల అమ్మకం నుంచి, సగం సగం. కింది చెరువు సంఘం ఇంకా తేల్చలేదు. వాళ్ల తూముకు జాలీ బిగిస్తే డెక్క తూము గుండా దిగడం కొంతైనా ఆగుతుందని చెప్పాము. పొలాలకు నీళ్లు తగ్గుతాయేమోనని వాళ్ల భయం. కళ్లు పెద్దవిగా ఉన్న జాలీని ఏటవాలుగా పెడితే నీటికి అడ్డు ఉండదని చూపించడానికి, నడిమి చెరువు తూముకు ముందుగా మేమే ఒకటి బిగించబోతున్నాము. కొలతలు తీసుకున్నాము, వెల్డింగ్ షాపులో ఇచ్చాము. యాసంగి తూము తీసేలోపు రావాలి.